పాత రంపమూ, పదును పెట్టే చేయీ

2023 సెప్టెంబరు మూడవ వారం రాజధానిలోని విలేఖరులకు ఊపిరి సలపని వారం. 17వ తేదీ ఆదివారం, విశ్వకర్మ జయంతి నాడు, ద్వారకలో ప్రధానమంత్రి ‘పి.ఎం. విశ్వకర్మ’ పథకాన్ని ప్రారంభించారు. రెండు రోజుల తరువాత పార్లమెంటు తన పాత భవనాన్ని విడిచి కొత్త భవనంలో అడుగుపెట్టింది. ఆనాడే మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది; ఆ వారం ముగియకముందే ఉభయ సభల ఆమోదమూ పొందింది. ఇన్ని ఘట్టాల నడుమ వడ్రంగికీ, కమ్మరికీ, కుమ్మరికీ సంబంధించిన పథకం చర్చలో వెనుకబడిపోయిందంటే ఆశ్చర్యపడవలసినది లేదు. కొత్త భవనానికి వాడిన టేకు నాగపూరు నుంచి వచ్చిందని మాత్రం మేమందరమూ రాశాము. ఆ టేకును కోసిన రంపం సంగతి ఎవరమూ రాయలేదు.

ఈ వారం లేఖ రంపాన్ని గురించి. రాజకీయాలు లేవని పాఠకులు నిరుత్సాహపడనక్కరలేదు. రంపానికీ రాజకీయ చరిత్ర ఉన్నది. అందులో కార్మిక సంఘాలు ఉన్నాయి, రాయల్ కమిషన్ ఉన్నది, దిగుమతి సుంకాల తగాదా ఉన్నది. మన తెలంగాణ ఉక్కు కథ కూడా కొంత ఉన్నది.

ముందు పథకం సంగతి. అయిదేళ్ళకు 13,000 కోట్ల రూపాయలు, 18 వృత్తులు, వాటిలో వడ్రంగం ఒకటి. పేరు నమోదు చేసుకున్న వృత్తిదారుకు అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్ల కొనుగోలుకు 15,000 రూపాయల వరకు సహాయం, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల అప్పు. పథకం ప్రారంభంలో ప్రకటించిన ఏర్పాట్లు ఇవి. మన పాఠకులకు ఈ తరహా కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివర ‘ఆదరణ’ పేరుతో కులవృత్తుల వారికి పనిముట్లు పంచిన ఘట్టం చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది.

ప్రభుత్వం పనిముట్టు ఇస్తున్నది. మంచిదే. అయితే ఎటువంటి పనిముట్టు? అది ఎన్నాళ్ళు పనిచేస్తుంది? మొద్దుబారితే దానికి పదును పెట్టేది ఎవరు? మామూలుగా పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయంలో లబ్ధిదారుల సంఖ్య అడుగుతారు, విడుదలైన నిధుల మొత్తం అడుగుతారు. ఆకురాయి సంగతి అడిగిన సభ్యుడిని నేను ఇంతవరకు చూడలేదు.

ఈ ప్రశ్న నా తలకెక్కడానికి కారణం మా అన్నగారి అబ్బాయి. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలలో కొయ్యపని నేర్చుకుంటున్నాడు. “బాబాయ్, మీరు ఇన్నేళ్ళుగా ఢిల్లీలో ఉంటూ నాకొక పాత రంపం సంపాదించి పెట్టలేరా?” అని టెలిఫోనులో అడిగాడు. “కొత్తది కొనుక్కోరాదా, పాత ఇనుము దేనికిరా?” అన్నాను. “కొత్తవాటికి పదును పెట్టడం కుదరదు బాబాయ్. పాతవే మేలు” అన్నాడు. ఆ మాటలోని నిజానిజాలు తేల్చుకోవడానికి నేను కీర్తి నగర్ కలప బజారుకు వెళ్ళాను.

అక్కడ తెలిసినది ఇది. నేడు దుకాణాలలో అమ్మే చేతి రంపాలలో చాలావాటికి పళ్ళ కొనలను విద్యుత్తుతో క్షణకాలం ఎర్రగా కాల్చి గట్టిపరుస్తారు. నీలినలుపు రంగు తిరిగిన ఆ కొనలను చూసి వాటిని గుర్తుపట్టవచ్చు. అవి చాలాకాలం పదునుగా ఉంటాయి. మామూలు రంపం కంటే ఎక్కువకాలమే ఉంటాయి. కాని ఒకసారి మొద్దుబారితే ఇక అంతే. పన్ను గట్టిదనం ముందు ఆకురాయి జారిపోతుంది తప్ప పన్నును కొరకలేదు. రంపాన్ని పారవేసి మరొకటి కొనుక్కోవాలి. పాత రంపపు ఉక్కు అటువంటిది కాదు. వంచితే విల్లులా వంగి మళ్ళీ నిటారుగా నిలిచే గట్టిదనమూ, ఆకురాయికి లొంగే మెత్తదనమూ అందులో కలిసి ఉంటాయి. అటువంటి రంపాన్ని తండ్రి వాడి కొడుకుకు ఇవ్వవచ్చు. కొడుకు మనుమడికి ఇవ్వవచ్చు.

ఈ రెండు గుణాలనూ ఒకే రేకులో కలిపిన కీర్తి ప్రధానంగా రెండు నగరాలది. మొదటిది ఇంగ్లండులోని షెఫీల్డు. 1740 ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు, స్ప్రింగులకు నికరమైన ఉక్కు కావలసి, మూసలలో ఉక్కును కరిగించే పద్ధతి కనిపెట్టాడు. ఆ ఉక్కు మీదనే షెఫీల్డు కత్తులు, ఉలులు, రంపాలు ప్రపంచమంతటా అమ్ముడుపోయాయి. మూసలో ఉక్కు చేయడం మనకు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తెలుసు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో తయారైన ఉక్కు ముద్దలను పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. 1820ల తొలి సంవత్సరాలలో అక్కడి కొలుములను చూసిన వాయిసీ అనే ఆంగ్లేయుడు ఆ పనిని వర్ణించి పోయాడు. 1795లో జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కును గురించి వ్యాసం సమర్పించాడు. 1820 ప్రాంతంలో మైకేల్ ఫారడే, కత్తుల పనివాడైన స్టోడార్టుతో కలసి దీని రహస్యం తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు. ఇంగ్లీషువారు దానికి పెట్టిన ‘వూట్జ్’ అనే పేరు మన ‘ఉక్కు’ అన్న మాటకు అపభ్రంశమేనని పలువురి అభిప్రాయం. మన ఉక్కును వారి ప్రయోగశాలలు పరీక్షిస్తున్న కాలంలోనే వారి ఉక్కు మన రేవులలో దిగుతున్నది. ఆ శతాబ్దం గడిచేసరికి మన కొలుములు చల్లారిపోయాయి.

షెఫీల్డు వైభవానికి మూల్యం చెల్లించినవారు అక్కడి కార్మికులు. రంపపు రేకును సానరాతి మీద అరగదీసే పనివారు రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడి అకాలమరణం పాలయ్యేవారు. పొడి సాన మీద పనిచేసేవారి ఆయుర్దాయం సగటున 35 ఏళ్ళు, తడి సాన మీద పనిచేసేవారిది మహా అయితే 45 అని అక్కడి వైద్యుడొకరు చెప్పిన లెక్కను ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికవర్గ స్థితిని గురించి రాసిన గ్రంథంలో ఉదహరించాడు. ఆ దుఃస్థితిలో పుట్టిన సంఘాలు కొన్ని దారుణాలకు కూడా ఒడిగట్టాయి. చందా కట్టని పనివాడి సానచక్రం పట్టీ మాయమయ్యేది. 1866 అక్టోబరులో ఒక రంపపు సానపనివాడి ఇంట్లో మందుగుండు పేలింది. మరుసటి సంవత్సరం విచారణ సంఘం ముందు, శిక్ష ఉండదన్న హామీ మీద, రంపపు సానపనివారి సంఘ కార్యదర్శి విలియం బ్రాడ్‌హెడ్ నోరు విప్పాడు. డబ్బిచ్చి దాడులు చేయించింది తానేననీ, 1859లో జేమ్స్ లిన్లీ అనే పనివాడిని కాల్పించింది కూడా తానేననీ చెప్పాడు. దేశం దిగ్భ్రమ చెందింది. సంఘాలను అణచివేయాలన్న కేకలు మిన్నుముట్టాయి. కాని కార్మిక సంఘాలపై రాయల్ కమిషన్ జరిపిన విచారణ ఫలితంగా 1871లో వచ్చిన చట్టం సంఘాలకు న్యాయసమ్మతమైన ప్రతిపత్తి కల్పించింది. కార్మికోద్యమ చరిత్ర చదివినవారికి ఆ చట్టం తెలుసు. దాని వెనుక ఉన్న వృత్తులలో రంపపు పని ఒకటన్నది తెలిసినవారు తక్కువ.

రెండవ నగరం అమెరికాలోని ఫిలడెల్ఫియా. 1833లో ఇంగ్లండు నుంచి తండ్రితో ఓడ దిగిన హెన్రీ డిస్టన్ అనే బాలుడు కొద్దిరోజులకే తండ్రిని పోగొట్టుకుని, రంపాల పనిలో చేరి, 1840లో స్వంతంగా దుకాణం పెట్టుకున్నాడు. షెఫీల్డు రంపమే రంపమని అమెరికా వడ్రంగి నమ్మే రోజులవి. డిస్టన్ తన ఉక్కును తానే కరిగించుకున్నాడు. 1861లో మారిల్ సుంకపు చట్టం వచ్చింది; ఆ పిమ్మట అంతర్యుద్ధం వచ్చింది. సుంకపు గోడ చాటున డిస్టన్ కర్మాగారం పెరిగింది. 1872 నుంచి టాకొనీ అనే చోట కార్మికుల ఇళ్ళతో సహా ఒక పట్టణమే వెలిసింది. స్వేచ్ఛా వాణిజ్యం గొప్పదని లోకానికి బోధించిన దేశపు సరుకును, సుంకం వేసుకున్న దేశపు సరుకు తన గడ్డ మీద ఓడించింది. అటువంటి గోడ కట్టుకునే అధికారం ఆనాడు మనకు లేదు. 1955లో డిస్టన్ కుటుంబం కర్మాగారాన్ని అమ్మివేసింది. అప్పటికి విద్యుత్ రంపం వడ్రంగి చేతికి వచ్చింది. చేతి రంపానికి పూర్వపు గిరాకీ లేదు. పాత రంపాలు కోరేవారు సాధారణంగా ఆ కాలానికి ముందువాటినే వెతకడానికి కారణం ఇదే.

షెఫీల్డు రంపం ఢిల్లీ పాతసామాన్ల బజారుకు ఎలా చేరింది? దానికీ దారి ఉన్నది. 1955లో పెరంబూరులో ఉక్కు రైలు పెట్టెల కర్మాగారం మొదలయ్యే వరకు మన రైలు పెట్టెల దేహాలు చాలావరకు కొయ్యవే. జమాల్‌పూరు మొదలు మన లాలాగూడ వరకు రైల్వే కార్ఖానాలు, సైనిక డిపోలు, పబ్లిక్ వర్క్స్ శాఖలు విదేశీ పనిముట్లు తెప్పించుకునేవి. కాలం తీరిన సామాను వేలానికి వచ్చేది. వేలం నుంచి పాత ఇనుప వర్తకుడికి. అక్కడి నుంచి నేల మీద పరచిన గోనెపట్టా మీదికి. గుజరాత్‌లో ఓడలను విడగొట్టే అలంగ్ రేవు దారి పొడవునా కూడా ఇటువంటి దుకాణాలే. ఓడలోని మంచం నుంచి మరచుట్టు వరకు సమస్తమూ అక్కడ అమ్మకానికి ఉంటుంది. బంగ్లాదేశ్‌లోని సీతాకుండ తీరంలోనూ ఇదే వ్యాపారం. పరాయి దేశాల పాత ఇనుముతో దక్షిణాసియాలో ఎన్ని సంసారాలు గడుస్తున్నాయో ఆ బజార్లు చూసినవారికి తెలుస్తుంది.

ఒక ఆదివారం ఉదయం జుమా మసీదు పరిసరాలలోని పాతసామాన్ల మధ్య నేను వెతికినది ఎలాగో చెబుతాను. పాఠకులలో ఎవరికైనా పనికిరావచ్చు. తుప్పును చూసి భయపడనక్కరలేదని మా వాడు ముందే చెప్పాడు. పైపై తుప్పు నూనెతో, గరుకు కాగితంతో పోతుంది. రేకును తినివేసి గుంటలు పెట్టిన తుప్పు, అందులోనూ పళ్ళ వరుస దగ్గర పెట్టిన తుప్పు, ప్రమాదకరం. అక్కడ ఆకురాయి పెడితే పన్ను విరుగుతుంది. తరువాత రంపాన్ని కంటి ఎత్తుకు పట్టుకుని, పిడి వైపు నుంచి కొన దాకా తుపాకి గురి చూసినట్లు చూడాలి. సన్నని వంపును సరిచేయవచ్చు. మడత పడిన రంపాన్ని సరిచేయడం మాత్రం అందరి తరమూ కాదు. కొన పట్టుకుని మెల్లగా వంచి వదిలితే రేకు తిరిగి నిటారు కావాలి.

మంచి రంపానికి పళ్ళ దగ్గర మందం ఎక్కువ, వీపు దగ్గర తక్కువ. లోతుగా కోసేటప్పుడు రేకు కొయ్యలో బిగుసుకోకుండా ఉండడానికి పూర్వపు సానపనివారు చేసిన ఏర్పాటు ఇది; వారి ఊపిరితిత్తులను కబళించిన పని కూడా ఇదే. రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే ఆ తేడా తెలుస్తుంది. రేకు ముందుకొన ఇంకా ఎంత వెడల్పు మిగిలి ఉన్నదో చూడాలి. ఎన్నిసార్లు ఆకురాయి పట్టారో, ఎంత ఆయుష్షు మిగిలి ఉన్నదో అది చెబుతుంది. పిడిలో బిగించిన ఇత్తడి బిళ్ళ మీద తయారీదారు పేరు ఉంటుంది. డిస్టన్ బిళ్ళల మీది అక్షరాలను బట్టి రంపం ఏ కాలానిదో చెప్పగలవారు ఉన్నారు. ‘వారంటెడ్ సుపీరియర్’ అన్న బిళ్ళను చూసి అదొక గొప్ప కంపెనీ పేరనుకోరాదు. తమ పేరు వేయకుండా అమ్మిన రంపాలకు చాలామంది తయారీదారులు పెట్టిన సాధారణమైన బిళ్ళ అది. రేకు మీద చెక్కిన ముద్ర ఏదైనా లీలగా కనిపిస్తే గట్టిగా రుద్ది దానిని చెరిపివేయరాదు.

నాకు దొరికిన రంపం పొడవు 26 అంగుళాలు. పిడి మీద ఎవరో పచ్చరంగు పూశారు. తుప్పు కింద షెఫీల్డు, ‘స్పియర్ అండ్ జాక్సన్’ అన్న అక్షరాలు లీలగా ఉన్నాయి. పళ్ళు రెండు విరిగాయి, మిగిలినవి మొద్దుబారాయి. అయినా రేకు నిటారుగా ఉన్నది. వర్తకుడు మొదట 1,200 రూపాయలు అన్నాడు. “తూకం వేసి ఇనుము ధర చెప్పు” అన్నాను. “బాబూజీ, ఇనుము ధర ఇనుమును కొనేవాడికి. మీరు రంపాన్ని చూస్తున్నారు” అన్నాడు. ఆ మాటకే 700 ఇచ్చాను.

అసలు కష్టం తరువాత వచ్చింది. దానికి పదును పెట్టేవారి కోసం కీర్తి నగర్‌లో అరపూట తిరిగాను. చివరకు ఒక గల్లీ మొగలో, సహరాన్‌పూరు ప్రాంతం నుంచి వచ్చి నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న ముసలి ముస్లిం కారిగరు దొరికాడు. రెండు కొయ్య పలకల మధ్య రంపాన్ని తలకిందులుగా బిగించాడు. మొదట బల్లపరుపు ఆకురాయిని పళ్ళ మీద నిలువునా నడిపి, ఎత్తుపల్లాలు సమం చేశాడు. తరువాత ముక్కోణపు ఆకురాయితో ఒక్కొక్క పన్ను సందునూ దిద్దాడు. ఆ పిమ్మట ఒక పంటిని కుడికి, దాని పక్క పంటిని ఎడమకు వెంట్రుకవాసి వంచుకుంటూ పోయాడు. రేకు మందం కంటే కోత కొద్దిగా వెడల్పు కావాలి; లేకపోతే రంపం కొయ్యలో చిక్కుకుంటుంది.

“నిలువు కోతకా, అడ్డకోతకా?” అని అడిగాడు. నిలువు కోత రంపపు పన్ను చిన్న ఉలి వంటిది; అడ్డకోత రంపపు పన్ను చిన్న కత్తి వంటిది. ఆకురాయిని పట్టుకునే వాలులోనే ఆ తేడా అంతా ఉన్నది. టేకులో ఇసుక గుణం ఉంటుందనీ, అది పళ్ళను త్వరగా తినివేస్తుందనీ, టేకు పని ఎక్కువైతే ఆకురాయి చేతిలోనే ఉండాలనీ చెప్పాడు. ముప్పావు గంట పని. 60 రూపాయలు అడిగాడు.

“ఈ పని మీ అబ్బాయిలు నేర్చుకున్నారా ఉస్తాద్?” అన్నాను.

“ఒకడు మెషీన్ నడుపుతాడు. ఒకడు డెలివరీ పని చేస్తాడు. రోజుకు అయిదారు రంపాలు వస్తే దీనిమీద ఎవడు బతుకుతాడు, సాహెబ్? ఒకప్పుడు నా ముందు వరుస కట్టి కూర్చునేవారు” అన్నాడు. ఆయన చేతి కింద నేర్చుకుంటున్న కుర్రవాడు ఎవడూ కనిపించలేదు.

యంత్రాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. పదిమంది కోసే కలపను గంటలో కోసే యంత్రం వచ్చిన తరువాత వడ్రంగిని చేతి రంపంతోనే కాలం గడపమనే హక్కు పట్నంలో కుర్చీలో కూర్చుని రాసే నాకు లేదు. నేను పలుకరించిన వడ్రంగులు కూడా పెద్ద కోతలన్నీ యంత్రం మీదనే చేస్తున్నారు. అయితే తలుపు బిగించేటప్పుడు, మూల అతికేటప్పుడు, కరెంటు లేని ఇంటికి వెళ్ళినప్పుడు చేతి రంపమే దిక్కని వారే అన్నారు. ఆ రంపం మొద్దుబారితే ఏం చేస్తారంటే, కొత్తది కొంటామన్నారు. ఏడాదికొకటో రెండో కొనవలసి వస్తే అది ఎవరి జేబులో నుంచి పోతున్నదో వేరే చెప్పనక్కరలేదు. 2017 జూలైలో జి.ఎస్.టి. అమలులోకి వచ్చినప్పుడు రైతు చేతి పారకు పన్ను లేదు. వడ్రంగి చేతి రంపానికి 18 శాతం పన్ను పడింది. ఒకే పల్లెలో, ఒకే కమ్మరి కొలిమి దగ్గర పనిముట్లు బాగుచేయించుకునే ఇద్దరి మధ్య ఈ తేడా దేనికో ఏ ఆర్థికమంత్రీ వివరించినట్లు నాకు గుర్తు లేదు.

మన పల్లెలలో వడ్రంగికి కళ్ళం దగ్గర ధాన్యం మేర కొలిచే రోజులలో ఆకురాయి పట్టడం వేరే వృత్తి కాదు. బాడిసకు సాన, రంపానికి ఆకురాయి, ఉలికి నూరుడు. మూడూ వచ్చిన తరువాతనే కుర్రవాడికి కొయ్య ముట్టుకునే అనుమతి. ఆ వ్యవస్థలోని కులబంధం పోవలసినదే, పోతున్నది. దానితో పాటు ఈ చదువు కూడా పోవడానికి కారణం లేదు. అది పోతున్నదంటే దానిని చదువుగా మనం గుర్తించకపోవడమే కారణం.

1983లో జలంధర్‌లో కేంద్ర చేతిపనిముట్ల సంస్థ ఏర్పడింది. ఏ ఉక్కును ఎంత వేడి మీద పదును చేయాలో చెప్పగల జ్ఞానం దేశంలో ఉన్నది. 15,000 రూపాయల సహాయంతో కొనే రంపం ఆకురాయికి లొంగేదై ఉండాలని ఒక్క షరతు చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు. రంపంతో పాటు ముక్కోణపు ఆకురాయి ఒకటి, పళ్ళను వంచే పనిముట్టు ఒకటి ఇస్తే ఖజానా దివాలా తీయదు. అయిదారు రోజుల శిక్షణలో ఒక పూట పదునుకు కేటాయించి, కీర్తి నగర్ గల్లీలో కూర్చున్న ఉస్తాద్ వంటి వారిని పిలిచి ఉపాధ్యాయ వేతనమిచ్చి చెప్పిస్తే, ఆ విద్య మరొక తరానికి చేరుతుంది. నేర్చుకునేవాడికి రోజుకు 500 రూపాయలు ఇవ్వగల ప్రభుత్వం నేర్పేవాడికి ఇంకొంత ఇవ్వగలదు.

రంపం హైదరాబాదు చేరింది. మా వాడు పిడి మీది పచ్చరంగు గీకి చూస్తే కింద బీచి కొయ్య బయటపడిందట. కోత సాఫీగా వస్తున్నదట. సంతోషమే. అయితే వాడికి ఉద్యోగం ఉన్నది, ఆదివారం ఉన్నది, వెతికిపెట్టే బాబాయి ఉన్నాడు. రోజుకూలి మీద బతికే వడ్రంగికి ఇవేవీ లేవు. అతడికి ప్రభుత్వం ఇచ్చే రంపం తన కొడుకు చేతికి కూడా పనికివచ్చేదిగా ఉండాలి. వచ్చే సమావేశాలలో మన తెలుగు సభ్యులలో ఎవరైనా లబ్ధిదారుల సంఖ్యతో పాటు ఈ సంగతి కూడా అడిగితే, ఆ జవాబును ఇదే శీర్షికలో పాఠకుల ముందు ఉంచుతాను.